“తల్లిదండ్రులకు అవగాహన లేదు” అని రాసి వదిలేస్తున్నారు. ఫీల్డ్ రిపోర్టులో విశ్లేషణ ఎట్లా నేర్పాలి?

దేవరకొండ ఫీల్డ్ | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. దేవరకొండ, చందంపేట వైపు తండాల్లో పిల్లల చదువు మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో సూపర్‌వైజర్‌ని. ఈ ఏడాది కొత్తగా చేరిన కార్యకర్తలు మంచి పిల్లలు. ఎండకు వెనకాడరు, ఇళ్లల్లో కూర్చుని ఓపికగా మాట్లాడతారు. కానీ రిపోర్టు నా చేతికి వచ్చేసరికి అన్ని ఇళ్లూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఒకటి ఇక్కడ పెడుతున్నా. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను, రాసిన అమ్మాయిని అడిగే పెడుతున్నాను.

“బాలిక వయసు 13. ఏడో తరగతి తర్వాత బడి మానేసింది. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి వెళ్లారు. బాలిక నానమ్మ దగ్గర ఉంటోంది. ఒక తమ్ముడు. తల్లిదండ్రులు నిరక్షరాస్యులు కావడం వల్ల వారికి చదువు విలువ తెలియదు. నానమ్మకు అవగాహన కల్పించాను. ఫాలోఅప్ చేయాలి.”

ఇందులో అబద్ధమంటూ ఏమీ లేకపోవచ్చు. కానీ ఇది చదివాక రేపు పొద్దున మేం ఏం చేయాలో తేలడం లేదు. “విశ్లేషణ రాయండి” అంటే ఇంకో పేరా కలుపుతున్నారు. అందులో పేదరికం, లింగ వివక్ష, వెనుకబాటుతనం వచ్చి చేరతాయి. ఆలోచించే పద్ధతి ఎట్లా నేర్పాలి? మీ దగ్గర ఏది పనిచేసింది?

సాగర్ రోడ్ టీచర్ | ఆదివారం, రాత్రి 9:48

సార్, నేను హైస్కూల్లో పనిచేస్తాను కాబట్టి నా కన్ను నేరుగా “ఏడో తరగతి తర్వాత” అన్న మాట మీద పడింది. జూన్‌లో ఎనిమిదిలో చేరనే లేదా? చేరి, కొన్నాళ్లు వచ్చి, తర్వాత ఆగిందా? ఈ రెండూ వేర్వేరు సమస్యలు. ప్రాథమికోన్నత పాఠశాల ఏడుతో అయిపోతుంది, ఎనిమిదికి ఊరు దాటాలి. పిల్ల టీసీ పాత బడిలోనే ఉందంటే పై చదువు ఆలోచనే ఇంట్లో జరగలేదని అనుకోవచ్చు. టీసీ తీసుకుని కస్తూర్బాకు (ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడికి) అప్లై చేసి సీటు రాకపోతే ఆ ఇంటి గురించి మనం అనుకునేదే మారిపోతుంది. హెడ్‌మాస్టర్ గది బీరువాలో హాజరు రిజిస్టర్ ఉంటుంది. ఏ నెల, ఏ వారం నుంచి గైర్హాజరు పడిందో చూడమనండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

పాలమూరు అక్క | ఆదివారం, రాత్రి 10:05

టీచర్ గారు చెప్పింది నిజం. ఆ తేదీని తల్లిదండ్రులు పనికి పోయిన తేదీ పక్కన పెట్టి చూడండి. మా నారాయణపేట, కోస్గి వైపు పిల్లలు ఎప్పుడు బడి మానేస్తారో కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీ బండి ఎప్పుడు వచ్చిందో అడిగితే తెలుస్తుంది.

ఎంఎస్‌డబ్ల్యూ మేష్టారు | సోమవారం, ఉదయం 7:15

నేను ఫీల్డ్‌వర్క్ విద్యార్థులకు మొదటి వారం ఒకే పని ఇస్తాను. రాసిన రిపోర్టు ముందు పెట్టుకుని ప్రతి వాక్యం పక్కన “చూశాను”, “విన్నాను”, “అనుకున్నాను” అని మూడింటిలో ఒకటి రాయాలి. విన్నాను అని రాస్తే ఎవరి నోటి నుంచి అన్నది కూడా రాయాలి.

మీరు పెట్టిన పేరాతో చేసి చూడండి. కళ్లతో చూసింది దాదాపు ఏమీ లేదు. వయసు, బడి మానేయడం, సెంట్రింగ్ పని, ఇవన్నీ ఎవరో చెప్పినవి. ఎవరో రాయలేదు. “చదువు విలువ తెలియదు” అన్నది పూర్తిగా అనుకున్నది. చిత్రంగా రిపోర్టు మొత్తంలో గట్టిగా, అనుమానం లేకుండా చెప్పిన వాక్యం అదే.

ఇది కొత్త సంగతి కాదు. 1917లోనే అమెరికా సోషల్ వర్కర్ మేరీ రిచ్‌మండ్ ‘సోషల్ డయాగ్నసిస్’ పుస్తకంలో ఆధారాలను మూడుగా విడదీసింది: కళ్లెదుట కనబడేది, సాక్షి చెప్పేది, చుట్టూ ఉన్న సంగతుల నుంచి మనం ఊహించేది. సాక్షి గురించి రెండు ప్రశ్నలు అడగమంది. ఈ మనిషికి ఆ సంగతి తెలిసే అవకాశం ఉందా? ఇట్లా చెప్పడానికి ఈ మనిషికి సొంత కారణం ఏమైనా ఉందా? వందేళ్లు దాటినా తండాలో నానమ్మ ముందు కూర్చున్నప్పుడు ఈ రెండు ప్రశ్నలే పనికొస్తున్నాయి.

మహబూబ్‌నగర్ కోఆర్డినేటర్ | సోమవారం, ఉదయం 8:30

పెద్దలంటే గౌరవంతోనే చెప్తున్నా. క్లాసురూంలో ఇవి బాగుంటాయి. మా కార్యకర్త ఒక్క రోజులో ఎన్నో గడపలు తొక్కాలి, సాయంత్రం యాప్‌లో అప్‌లోడ్ చేయాలి. ఆ యాప్‌లో “కారణం” దగ్గర ఆరు ఆప్షన్లు ఉంటాయి, ఒకటి నొక్కాలి. నిధులిచ్చేవాళ్లు అడిగేది సంఖ్య. ఎంతమంది పిల్లల్ని బడిలో చేర్పించారు, ఎన్ని మీటింగులు పెట్టారు, అంతే. నెలాఖరు టెన్షన్ మీకూ తెలుసు. వాక్యం వాక్యానికీ ముద్ర వేసుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంది?

దేవరకొండ ఫీల్డ్ | సోమవారం, మధ్యాహ్నం 1:40

కోఆర్డినేటర్ గారూ, ఆ ఒత్తిడి మాకూ ఉంది, కాదనను. అయితే పొద్దున మేష్టారు పద్ధతిని ఆ అమ్మాయితో కూర్చుని చేశాను. టీ తాగేంత సేపట్లో అయిపోయింది. ఏం బయటపడిందో వినండి.

“ఆ ఇంట్లో నువ్వు కళ్లతో ఏం చూశావు?” అని అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పింది. గుమ్మం పక్కన మేకుకు ఒక చిన్న టై, బెల్టు వేలాడుతున్నాయట. కింద కొత్త బూట్లు, వాటి మీద గుడ్డ కప్పి ఉందట. తమ్ముడు ప్రైవేట్ స్కూల్లో చదువుతున్నాడు, బస్సు తండా దాకా వస్తుంది. ఇదంతా చూసింది, రిపోర్టులో ఒక్క ముక్క రాయలేదు. అడిగింది బాలిక గురించి కదా, తమ్ముడి సంగతి ఎందుకనుకుందట.

కొడుక్కి ఫీజు, బస్సు చార్జీ కట్టడానికి సెంట్రింగ్ పనిలో ఒళ్లు వంచుతున్న తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని రాయగలమా? చెప్పగానే ఆ అమ్మాయే ఆ వాక్యం కొట్టేసింది.

అచ్చంపేట అడవి దారి | సోమవారం, మధ్యాహ్నం 2:25

మంచి పట్టు. మరి ఇంకో మాట. మాట్లాడుతున్నప్పుడు పక్కన ఎవరున్నారు? నల్లమలలో చెంచు పెంటల్లో, అంటే చెంచుల చిన్న గూడేల్లో పనిచేస్తాను. మొదట్లో మాకు దారి చూపించడానికి ఊళ్లో పలుకుబడి ఉన్న ఒకాయన వచ్చేవాడు. ఆయన ఉన్నంతసేపూ ఆడవాళ్లు అన్నింటికీ “మంచిగనే ఉంది” అనేవాళ్లు. రేషన్ మంచిగనే, పిల్లలు మంచిగనే. ఆయన లేకుండా నీళ్ల దగ్గర కూర్చుంటే అదే మనుషులు గంటసేపు మాట్లాడారు. తండాలో ఇంకో ఇబ్బంది, ఇంట్లో లంబాడీ భాష, మనతో తెలుగు. అరవై ఏళ్లు దాటిన నానమ్మ తనకు అంతగా రాని భాషలో మనవరాలి గురించి ఎంతవరకు చెప్పగలదు? రిపోర్టులో “ఏ భాషలో, ఎవరి సమక్షంలో” అని ఒక వరుస ఉంటే చాలా తేడా వస్తుంది.

వెళ్లే వేళ కూడా చూసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తే ముసలివాళ్లు తప్ప ఎవరూ ఉండరు. వాళ్లు చెప్పిందే ఊరి మాట అయిపోతుంది.

గద్వాల సీడ్ పత్తి | సోమవారం, రాత్రి 8:10

వేళ గురించి అన్నారు కాబట్టి మా దిక్కు సంగతి చెప్తా. గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తిలో, అంటే విత్తనాల కోసం వేసే పత్తిలో, క్రాసింగ్ పని ఉంటుంది. ఈ సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, రేపు పొద్దున దాని మీద మగ రకం మొక్క పువ్వు పుప్పొడి అద్దాలి. వర్షాకాలం నడిమి నుంచి కొన్ని వారాలు ఒక్క రోజు కూడా ఆగకుండా సాగే పని, అందుకే చిన్న చేతులు కావాలంటారు. ఇప్పుడు ఆలోచించండి. జూన్‌లో సర్వేకి వస్తే పిల్లలంతా బడిలో కనిపిస్తారు. సెప్టెంబర్‌లో మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చినా కొంతమంది కనిపిస్తారు, పొద్దున చేను చూసుకుని వచ్చి ఉంటారు. మొదటి పీరియడ్‌కు వస్తే తప్ప ఖాళీ బెంచీలు కంటపడవు. అందుకే “బాల కార్మికులు లేరు” అని రాసిన రిపోర్టు చేతికి రాగానే నేను మొదట చూసేది తేదీ, టైం.

సీడ్ ఆర్గనైజర్ (విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే మనిషి) ఇచ్చిన అడ్వాన్స్ సంగతి అడగకుండా “పిల్లల్ని పనికి పంపుతున్నారు, కౌన్సెలింగ్ ఇచ్చాం” అని రాసే రిపోర్టులంటే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది. అప్పు మోస్తున్న తల్లికి మనం ఇచ్చే కౌన్సెలింగ్ ఏముంటుంది?

మర్రిగూడ హెల్త్ | సోమవారం, రాత్రి 9:35

చదువు కేసు మధ్యలో నీళ్ల సంగతి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి, చర్చకు పనికొస్తుందనే చెప్తున్నా.

మాది ఫ్లోరైడ్ ప్రాంతం. కొత్తగా వచ్చిన ఫీల్డ్ పిల్లలు ఇరవై ఏళ్ల కుర్రాడి పళ్ల మీద గోధుమ రంగు చారలు చూసి “ఈ ఊరి నీళ్లలో ఇంకా ఫ్లోరైడ్ ఉంది” అని రాసేస్తారు. పంటి మీది ఎనామెల్ చిన్నతనంలో, ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపు తయారవుతుంది. మచ్చ అప్పుడు పడితే జీవితాంతం ఉంటుంది. అంటే ఆ కుర్రాడి పళ్లు చెప్పేది తను చిన్నప్పుడు తాగిన నీళ్ల గురించి. ఈమధ్య ఏళ్ల నీళ్ల గురించి తెలియాలంటే ఇప్పుడిప్పుడే శాశ్వత దంతాలు వస్తున్న ఏడెనిమిదేళ్ల పిల్లల్ని చూడాలి, ఇవాళ్టి నీళ్ల గురించి తెలియాలంటే నీళ్లు పరీక్షకు పంపాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్నది పరిమితి. ఆ కుర్రాడి పళ్ల మీద మచ్చలు నిజమే, అయితే అవి ఏ కాలానికి సాక్ష్యమో మనం అడగాలి.

దీనికి తిరగేసిన తప్పు కూడా జరుగుతుంది. మిషన్ భగీరథ (ప్రభుత్వ మంచినీళ్ల పథకం) నల్లా ఇంటి ముందు ఉంది కాబట్టి “సమస్య తీరింది” అని రాస్తారు. నల్లా నీళ్లు తాగుతున్నారా? కూలికి పోయిన చోట పొద్దంతా ఏ బోరు నీళ్లు తాగుతున్నారు? వంట దేనితో? ఇక మా ఊళ్లో మోకాళ్ల నొప్పి అన్న ప్రతివాళ్లనూ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) ఖాతాలో వేయడం ఇంకో అలవాటు. దానివల్ల కీళ్లవాతం ఉన్నవాళ్లకు వైద్యం ఆలస్యమవుతుంది. ఊరికి ఒక పేరు పడిపోతే ఆ పేరే మన కళ్లకు అడ్డం వస్తుంది. దేవరకొండ అంటే ఆడపిల్లల అమ్మకాలు, పాలమూరు అంటే వలస, మేమంటే ఫ్లోరైడ్. ఊరి పేరును బట్టి ఇంట్లోకి వెళ్లకముందే కారణం రాసేసుకుంటున్నాం.

పాలమూరు అక్క | సోమవారం, రాత్రి 10:20

చివరి మాట నా గుండెకు తగిలింది. వలస అనేది కారణం అని రాసి పెన్ను మూసేస్తారు. వలసకు కారణం ఉండదా? మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు తీసుకున్నారు, దేనికి తీసుకున్నారు? బోరు ఎండిందా, పెళ్లి చేశారా, ఆస్పత్రి ఖర్చా? ఒక్కడు పోయినా సరిపోతుందా, భార్యాభర్తలిద్దరూ పోవాల్నా? అప్పు తీరేదాకా వేరే చోట పనికి పోనీయకపోతే అది 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందికి వచ్చే సంగతి. అప్పుడు మన పని అవగాహన కల్పించడం కాదు, కలెక్టర్ దగ్గరికి పోవడం. కారణం ఎంతవరకు తవ్వారన్న దాన్ని బట్టి మీరు వెళ్లాల్సిన ఆఫీసే మారిపోతుంది.

అంకెల గురించి కూడా ఒక మాట. 2011 లెక్కల్లో మహబూబ్‌నగర్ అక్షరాస్యత దాదాపు 55 శాతం అని ఇప్పటికీ ప్రతి ప్రపోజల్‌లో పెడుతున్నారు. అది పాత జిల్లా. 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. అప్పటి అంకెను ఇప్పటి చిన్న మహబూబ్‌నగర్‌కు అంటగట్టి, పక్కన నిన్నటి సర్వే అంకె పెట్టి, “మా కృషి వల్ల ఇంత పెరిగింది” అని రాస్తే దానికి అర్థమే లేదు.

మహబూబ్‌నగర్ కోఆర్డినేటర్ | మంగళవారం, ఉదయం 8:05

టై, బెల్టు ముచ్చట చదివాక మా యాప్‌లో ఆప్షన్ నొక్కే చోట కింద ఒక ఖాళీ గడి పెట్టించాలని అడుగుతున్నాను. “ఈ కారణం తప్పయ్యే అవకాశం ఉందనిపించే ఒక్క సంగతి రాయండి” అని. రాయకపోతే ఫారం ముందుకు పోకూడదు. ఇంతకన్నా ఎక్కువ అడిగితే మావాళ్లు విసిగిపోతారు.

కానీ నా అనుమానం పూర్తిగా తీరలేదు. పైచదువులు చదివి వచ్చినవాళ్ల రిపోర్టుల్లో విశ్లేషణ మస్తు ఉంటుంది. పితృస్వామ్యం, ప్రపంచీకరణ, వ్యవస్థాగత అణచివేత. అవి చదివినా రేపు ఏం చేయాలో తెలియదు, “అవగాహన లేదు” చదివినా తెలియదు.

ఎంఎస్‌డబ్ల్యూ మేష్టారు | మంగళవారం, ఉదయం 9:50

కోఆర్డినేటర్ గారు చెప్పింది సరిగ్గా మా క్లాసుల్లో లోపం. నిందను తల్లిదండ్రుల మీద నుంచి తీసి వ్యవస్థ మీద పెట్టగానే విశ్లేషణ అయిపోయిందని పిల్లలు అనుకుంటారు. ఏ ఇంటికైనా అతికే కారణం ఈ ఇంటి కారణం కాదు, అది నిరక్షరాస్యత అయినా, పితృస్వామ్యం అయినా. నేను అడిగే పరీక్ష ఇది: అదే తండాలో, అదే కులంలో, అంతే పేదరికంలో, తల్లిదండ్రులు అదే పనికి వెళ్లిన ఇంకో ఇంట్లో ఆడపిల్ల బడికి వెళ్తోందా? వెళ్తుంటే ఈ రెండిళ్ల మధ్య తేడా ఏమిటి? ఆ తేడాలోనే మీరు చేయగలిగిన పని ఉంటుంది. అట్లాంటి ఇల్లు ఒక్కటి కూడా లేకపోతే అప్పుడు తండా మొత్తానికి ఉన్న కారణం వెతకాలి. రోడ్డా, బస్సా, బడా?

పితృస్వామ్యం లేదని అనడం లేదు. ఆ ఇంట్లో అది ఏ రూపంలో ఉందో చూపించమంటున్నాను.

బాలరక్షణ నల్లగొండ | మంగళవారం, ఉదయం 11:30

అందరూ ఓపికగా ఆలోచించమంటున్నారు, బాగుంది. కానీ 13 ఏళ్ల ఆడపిల్ల బడి మానేసి ఇంట్లో ఉంది, తల్లిదండ్రులు ఊళ్లో లేరు అంటే మొదట చూడాల్సింది పిల్ల క్షేమం. పెళ్లి మాటలు జరుగుతున్నాయా? ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా? పెళ్లి అనుమానం ఉంటే వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. లైంగిక వేధింపు అనుమానం ఉన్నా పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి, రుజువులు సేకరించే బాధ్యత మనది కాదు. విశ్లేషణ పేరుతో అక్కడ ఆలస్యం జరగకూడదు.

వయసు కూడా రాసేముందు చూడండి. 13 అని ఎవరన్నారు? ఆధార్‌లోదా, బడిలోదా? బాల న్యాయ చట్టం, 2015లో వరుస స్పష్టంగా ఉంది: ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. అందులో ఆధార్ లేదు. పెళ్లి కేసుల్లో 17 ఏళ్ల పిల్ల కార్డు మీద 19 కావడం ఎన్నోసార్లు చూశాం.

దేవరకొండ ఫీల్డ్ | శనివారం, రాత్రి 8:45

రిపోర్టు రాసిన మా కార్యకర్త గురువారం మళ్లీ వెళ్లింది. ఈసారి సాయంత్రం, లంబాడీ భాష వచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మను తోడు తీసుకుని. అంతకుముందు హైస్కూల్‌కు వెళ్లి రిజిస్టర్ చూసింది. బాలరక్షణ మేడం అడిగినవి ముందుగా చూశాం. పెళ్లి మాట లేదు, పిల్ల క్షేమంగానే ఉంది, బడి రికార్డులోనూ వయసు పదమూడే.

పిల్ల ఎనిమిదిలో చేరింది. దసరా సెలవుల దాకా వచ్చింది, తర్వాత ఆగింది. దసరాకు ముందు తండ్రి ఒక్కడే హైదరాబాద్‌లో ఉండేవాడు. బోరు కోసం తెచ్చిన అప్పు తీర్చడానికి మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారు, ఇద్దరు వస్తేనే ఇస్తానన్నాడట, తల్లి కూడా వెళ్లింది. పాలమూరు అక్క అడగమన్న ప్రశ్నకే ఈ జవాబు వచ్చింది. పనిచోటు వదిలి రావడానికి అడ్డేమీ లేదనీ, ఉగాదికి లెక్క చూస్తారనీ తల్లి ఫోన్లో చెప్పింది. అది తల్లి చెప్పిన మాట, కాబట్టి ఇంకా సరిచూడాలి.

తమ్ముడి బస్సు ఎనిమిది దాటాక తండాకు వస్తుంది. నానమ్మకు కళ్లు సరిగా కనబడవు, రోడ్డు దాకా వెళ్లి పిల్లవాణ్ని ఎక్కించలేదు. వాణ్ని తయారుచేసి ఎక్కించి బయల్దేరితే నడిచి హైస్కూల్ చేరేసరికి రెండో పీరియడ్ అవుతుంది. రోజూ ఆలస్యం, రోజూ నిలబెట్టడం. సాయంత్రం బస్సు వచ్చేది కూడా బడి వదలకముందే. మేష్టారు అడిగిన రెండో ఇల్లు కూడా దొరికింది. అదే తండాలో ఇద్దరు తల్లిదండ్రులూ పనికి పోయిన ఇంకో ఇంట్లో ఆడపిల్ల బడికి వెళ్తోంది. ఆ ఇంట్లో చిన్నపిల్లలు లేరు.

కాబట్టి మేం చేయాల్సింది ఇప్పుడు కనబడుతోంది. బస్సు దగ్గరికి పిల్లవాణ్ని పంపడానికి పక్కింటావిడను ఒప్పించడం, నానమ్మకు కంటి పరీక్ష. వీటిలో ఒక్కటి కూడా “అవగాహన కల్పించాను” కిందికి రాదు. వివక్ష లేదా అంటే ఉంది. ఇద్దరిలో ఒకరి చదువు ఆగాల్సి వస్తే ఎవరిది ఆగాలో ఆ ఇంట్లో ఎవరూ చర్చించలేదు.

అచ్చంపేట అడవి దారి | శనివారం, రాత్రి 9:10

చాలా సంతోషంగా ఉంది సార్. ఒక్కటి అడుగుతా. నానమ్మ మాట విన్నాం, తల్లి మాట విన్నాం, రిజిస్టర్ చూశాం. ఆ పిల్ల ఏమంటోంది?

దేవరకొండ ఫీల్డ్ | శనివారం, రాత్రి 9:32

మా కార్యకర్త అడిగింది అక్కా. పిల్ల మొదట ఏమీ చెప్పలేదట. అంగన్‌వాడీ టీచరమ్మ వాళ్ల భాషలో అడిగాక చెప్పింది, తమ్ముడి సంగతి తీరినా తను పోనన్నది. ఎనిమిదిలో లెక్కలు, సైన్స్ ఇంగ్లీషులో చెప్తున్నారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇన్నాళ్లూ తెలుగు, ఇప్పుడు ఇది. సెప్టెంబర్‌కే ఏమీ అర్థం కావడం లేదట, ఇప్పుడు ఇన్ని నెలల పాఠం పోయింది. నలుగురిలో లేపి అడిగితే ఏం చెప్పాలని భయం. బస్సు టైం కుదిర్చేస్తే పని అయిపోతుందని మేం అనుకున్నాం, అది చాలదు.

సాగర్ రోడ్ టీచర్ | శనివారం, రాత్రి 9:50

సార్, ఆ హైస్కూల్లో లెక్కల టీచర్‌తో ముందు మాట్లాడండి, పిల్లను తీసుకెళ్లకుండా. ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది. తెలుగు పేజీతో మొదలుపెట్టి రోజూ బడి అయ్యాక అరగంట చెప్పేవాళ్లు తండాలో ఎవరైనా ఉన్నారేమో చూడండి, ఇంటర్ చదివే పిల్లలున్నా చాలు. మొదటి నెల క్లాసులో లేపి అడగొద్దని ఆ టీచర్‌ను కోరండి. పోయిన అధ్యాయాల్లో ఏవి తప్పనిసరో, ఏవి తర్వాత చూసుకోవచ్చో నేను రాసి ఇస్తాను. ఇక్కడే మెసేజ్ పెట్టండి, సోమవారం పంపిస్తాను.